గోరింటాకు పెట్టిన కార్డులు

నాచారం
16-4-1967, ఆదివారం

తమ్ముడు శాంతయ్యకు అక్క దానమ్మ ప్రేమతోని రాసుకునేది.

నీ మోకాలు ఎట్లున్నది? రైలు పట్టాల మీద కంకర మోసేటోనివి, రాత్రిపూట వేడినీళ్ళు పోసుకుంటున్నవా? హన్నాకు దగ్గు అని పోయిన కార్డుల రాసినవ్, తగ్గిందా, ఛాతీల ఏమన్న నొప్పి ఉన్నదా? తారామణి నాలుగో తరగతి పాసైందా? ఎండల బావి కాడికి పంపకుండ్రి. బర్రె ఈనిందా? పక్కింటి హనుమాండ్లు మామ కండ్లకు ఆపరేషన్ అన్నరు, ఒక్క కన్నా రెండు కండ్లా? ఒక్కొక్కరి సంగతి విడివిడిగ రాయి. "అందరం క్షేమం" అని ఒక్క ముక్కల రాస్తే నాకు అన్నం పోదు. ఆ అందరిల ఎవలో ఒకలు తక్కువైనట్టు కొడ్తది.

నేను బాగనే ఉన్న. మా ముసలోళ్ళ ఇంట్ల ఇప్పుడు ముప్పై రెండు మందిమి. ఒక కొత్త ఫికర్ మొదలైంది. కేరళ నుంచి వచ్చిన పెద్ద సిస్టరమ్మ ఉన్నది గదా, ఆమె ఎండకాలం పార్టీ జేస్తదట. మే నెల ఇరవై ఒకటి, ఆదివారం. మా ఇండ్లోళ్ళనందరిని పిలిపిస్తదట. షర్బత్, మామిడిపండ్లు, మధ్యాహ్నం బువ్వ, కుర్చీల ఆట. ముసలోళ్ళకు కుర్చీల ఆట ఏందమ్మా, ఎవలన్న బోర్ల పడి తుంటి ఇరిగితే ఎట్ల అంటే నవ్వింది. ఎండదెబ్బ తాకితే? "పందిరి ఏపిస్త." పందిరి గాలికి లేస్తే? "దానమ్మా, నువ్వు ఆ రోజు పందిరి గుంజ పట్టుకొని నిలబడు" అన్నది. పిలిస్తే ఎవరు రాకపోతే ఎట్ల అని మాత్రం అడగలేదు. అది నాకే కాదు, ఇక్కడ అందరి కడుపుల ఉన్న మాట.

శాంతయ్యా, నువ్వు రా. తారామణిని తీస్కరా. హన్నాను గూడ అడుగు. ఆమె నాతోని మాట్లాడక ఆరేండ్లాయె. నేను పిలిచిన అని జెప్పకు, సిస్టరమ్మ పిలిచింది అని జెప్పు. రాకపోతే గట్టిగ అనకు.

నీ మేలు కోరే
అక్క దానమ్మ


బీబీనగర్
24-4-1967

అక్కకు శాంతయ్య నమస్కారాలు.

విడివిడిగ రాయమన్నవ్, రాస్తున్న. నా మోకాలు బాగున్నది. హన్నా దగ్గు పోయింది. తారామణి పాసైంది. బర్రె ఈనింది, దూడ ఆడది. హనుమాండ్లు మామకు ఒక్క కన్నే జేసిన్రు, ఆ కన్నుతోని అందరిని ఎగాదిగ జూస్తుండు. ఇంకెవలు మిగల్లేదు. ఇగ అన్నం తిను.

నీ కార్డు నేను సదువుతుంటే హన్నా తలుపు ఎనక నిలబడి ఇన్నది. అయిపోంగనే బకెట్ తీస్కొని బర్రె కాడికి పోయింది. అక్కా, పాణం పోయిన మా కొడుకు, ఆ పసివాని సంగతి మా ఇంట్ల ఎవరం ఎత్తం. తట్టు పోసినప్పుడు సూది ఏపియ్యొద్దని నువ్వే గాదు, ఊరంత అన్నది. నీకు నేను ఇది పదిసార్లు జెప్పిన. నువ్వే మూట కట్టుకొని పోయినవ్, మేం పొమ్మనలే.

ఒకటి అడుగుత, దాయకుండ జెప్పు. ఉన్నట్టుండి అందరిని పిలుస్తుండ్రంటే నీకు పాణం బాలేదా? మే అయిదు నుంచి నాకు కాజీపేట కాడ పని, పది రోజులు అక్కడ్నే పండుడు. తారామణిని అమ్మమ్మ ఇంటికి తోలుతున్న. ఇరవై ఒకటికి మాత్రం తప్పక వస్త.

తమ్ముడు శాంతయ్య


నాచారం
6-5-1967, శనివారం

తమ్ముడు శాంతయ్యకు అక్క దీవెనలు.

నా పాణం గట్టిగనే ఉన్నది, ఉత్తగ భయపడకు. భయపడేటందుకు నేనున్న గదా ఇంటికొకదాన్ని.

పిలుపు కార్డులు తయారైనయ్. మాతోని సంజీవరావు అని ఒకాయన ఉంటడు, కచేరీల గుమాస్తాగ జేసి దిగిపోయిండు. రాతంటే ఆయనదే రాత. ప్రతి కార్డుకు ఒక్కటే తీరు రాసిండు: "మీ పెద్దలు ఫలానా వారి నిమిత్తము ఈ నెల 21వ తేదీ ఆదివారము భోజనములు ఏర్పాటు చేయబడినవి. కుటుంబ సమేతముగా తప్పక రాగలరు." సదివి ఇనిపిస్తే మస్తు గంభీరంగ ఉన్నది. కొంచెం నవ్వినట్టు రాయరాదా సారూ అన్న. "కార్డు నవ్వదమ్మా" అన్నడు.

నాకు ఇంకో దిగులు పట్టుకున్నది. కార్డుల మూలలు ఉత్తగున్నయ్. మంచి కార్యానికి పిలిచేటప్పుడు మూలలు ఉత్తగుంచుతరా? పసుపు పెడ్దామంటే మా అందరిల సగం మంది చర్చికి పోయేటోళ్ళం, ఫాదర్ ఏమంటడో. పెట్టకుంటే గుడికి పోయే కృష్ణమ్మ అసుంటోళ్ళ పిల్లలు ఏమనుకుంటరో. మౌలాలి నుంచి వచ్చిన ఖాదర్ బీ ఉన్నది, ఆమె కొడుకు ఏమనుకుంటడో. మూడు రోజులు ఇదే ఆలోచన. ఆఖరికి గోరింటాకు యాదికొచ్చింది. గోరింటాకు అందరిది గదా, ఏ ఇంట్ల వద్దంటరు? మా కాంపౌండ్ గోడ పొంటి శెట్టున్నది. నేను, కృష్ణమ్మ కూసొని నూరినం. కార్డు మీద ఎర్రగ పండాలని ఇనుప మూకుట్ల చాయ్‌పత్త మరగబెట్టి ఆ డికాషన్ కలిపిన, రాత్రంత మూకుట్లనే నానబెట్టిన. ముప్పై రెండు కార్డులకు నాలుగు నాలుగు మూలలు. వేలితోని అద్దుకుంట పోయిన. ఎండబెట్టినంక చిన్న చిన్న ఎర్ర బొట్ల లెక్క ముద్దుగున్నయ్. సిస్టరమ్మ జూసి "ఎంత బాగ జేసినవ్ దానమ్మా" అన్నది. సోమవారం డబ్బాల ఏస్తరు.

నీ ఇంటికి పోయే కార్డుకు మాత్రం ఒక్కో మూల రెండేసి సార్లు అద్దిన. హన్నా చేతిల పడ్తది గదా అని.

ఇట్లు
దానమ్మ


నాచారం
12-5-1967, శుక్రవారం

తమ్ముడా శాంతయ్యా,

ఈ కార్డు కాజీపేట క్యాంపుకే రాస్తున్న. ముందుగాల ఇది సదువు: నేను బతికే ఉన్న. ఎవలన్న ఏమన్న జెప్తే నమ్మకు. కూసొని నిమ్మలంగ సదువు, కార్డులు సరిపోక సిస్టరమ్మ కవర్ ఇచ్చింది.

బుధవారం సాయంత్రం మేం చాయ్ తాగుతున్నం. గేటు కాడ ఒక్కసారిగ ఏడుపు. ఉప్పల్ల ఉండే కృష్ణమ్మ కొడుకు, కోడలు, వాళ్ళ ఇంటిపేరు పాలోళ్ళు ఇద్దరు. కోడలు గేటు పట్టుకొని శోకం పెడ్తున్నది. "నా అత్తా, నా కడుపు సల్లగ జూసిన అత్తా, నా బిడ్డలకు తలంటు పోసిన అత్తా, నిన్ను ఈడ పారేసిన పాపిష్టిదాన్ని నేను" అనుకుంట. కృష్ణమ్మ నా పక్కనే కూసున్నది, చేతిల చాయ్ గ్లాసు. నేను లేవబోతే నా కొంగు గుంజి కూసోబెట్టింది.

"ఆగు దానమ్మా. పదహారేండ్ల కాపురంల ఒక్క మంచి మాట అనలే. ఇంకేమంటదో ఇననీ."

అంత సేపు ఇన్నది. శోకం ఆగబోతుంటే బయటికి పోయి, "నీ దగ్గరున్న నా నగల సంగతి అనకపోతివి పిల్లా" అన్నది. కోడలు అట్లనే కింద కూలబడ్డది. కొడుకు జేబులకెళ్ళి కార్డు ముక్కలు తీసిండు. అప్పుడు జూసిన తమ్ముడా. మూలలు నల్లగున్నయ్. ఎర్ర బొట్లు గావు, బొగ్గు లెక్క నలుపు. ఇనుప మూకుడు, చాయ్ డికాషన్, గోరింటాకు, మూడు కలిసి రెండు రోజుల్ల కారు నలుపు తిరిగినయ్. నల్ల మూలల కార్డు అంటే సావు కార్డు. గడప దాటనియ్యరు, బయట్నే చింపేస్తరు. ఒకవేళ ఎవలన్న సదువుకున్నోళ్ళు సదివినా, "ఫలానా వారి నిమిత్తము ఇరవై ఒకటిన భోజనములు." పదో తారీఖున కార్డు అందె, ఇరవై ఒకటికి పదకొండో దినమాయె. లెక్క సరిగ్గ కలిసింది.

కృష్ణమ్మోళ్ళు నవ్వుతున్నరు. నాకు మాత్రం వేరే లెక్క యాదికొచ్చింది. ఇంకా ముప్పై ఒక్క కార్డులు తొవ్వల ఉన్నయ్.

సిస్టరమ్మ పోస్టాఫీసుకు ఉరికింది. కార్డులు అప్పటికే పోయినయ్.

గురువారం పొద్దు ఎక్కిందో లేదో మొదలైంది. నాచారం బస్ స్టాపు కాడికెళ్ళి మా గేటు దాక జనం. మేడ్చల్ నుంచి, భువనగిరి నుంచి, నారపల్లి నుంచి ఎడ్లబండి మీద. మౌలాలి నుంచి ఖాదర్ బీ కొడుకు నలుగురితోని, తెల్లబట్ట చేతిల పట్టుకొని. ఒగలు పూలదండలు, ఒగలు అగరొత్తులు. ఎండ నిప్పుల లెక్క కొడ్తున్నది, ఎవ్వరికి చెప్పుల ధ్యానం లేదు. ఆరేండ్ల సంది ఈ ఇంట్ల ఉన్న, ఈ గేటు అంత జనాన్ని ఎన్నడు జూడలే. పండుగకు పదిళ్ళోళ్ళు వస్తే దేవుని దయ అనుకున్నది సిస్టరమ్మ. గురువారం ఒక్కనాడు ఇరవై ఆరు ఇండ్లోళ్ళు వచ్చిన్రు. మేం వరండాల నిలబడ్డం, ముసలోళ్ళం అందరం, మా సావుకు మేమే ఎదురు బోయినట్టు. అటు దిక్కు వాళ్ళు, ఇటు దిక్కు మేము. లేఖనాలల్ల సచ్చినోళ్ళు లేచి వచ్చే దినం అంటరు గదా, అది ఎట్లుంటదో నేను బతికుండంగనే జూసిన శాంతయ్యా. కొడుకులు తల్లుల మొకం తడిమి తడిమి జూస్తున్నరు. ఒక ముసలాయన కొడుకు పట్టుకొని గుంజుతుంటే "ఇడువురా, ఊపిరాడ్త లేదు, ఇప్పుడు నిజంగ సంపుతవ్" అంటున్నడు.

సంజీవరావు సారు ఒక్కడు గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసున్నడు. ఆయనకు ఎవరు రాలే. "మావోళ్ళు నేను బతికే ఉన్ననని నమ్మకంగ ఉన్నరమ్మా" అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువక ఆయనకు ఒక చెంబు నీళ్ళిచ్చిన.

ఇంకిన్ని నీళ్ళకోసం మళ్ళ ఎనకకు పోయిన. బిందె నింపుకొని వస్తుంటే గేటు బయట చింతచెట్టు కింద ఒక ఆడిది కూసొని ఏడుస్తున్నది. మొకం కొంగుల దాసుకున్నది. గొంతు ఇనంగనే బిందె నా చేతిలకెళ్ళి జారింది. హన్నా.

తమ్ముడా, ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్న, ఒక్కటి గూడ కలపలే. "వదినా, సూది వద్దని నువ్వన్నవ్, నేను ఊకున్న. నా నోరు గూడ ఉన్నది గదా. నేను ఎత్తుకొని ఉరికితే ఎవలు పట్టుకునేటోళ్ళు? నీ మీద ఏసుకొని నేను బతికిన వదినా ఆరేండ్లు. నీకు ఈ మాట జెప్పకముందే పోతివి."

గోడకు ఆనుకొని నిలబడ్డ. ముందటికి పోవాల్నా, ఎనకకు పోవాల్నా తెలువలే. ఆఖరికి "హన్నా" అన్న. ఆమె తల ఎత్తింది. లేచి వచ్చింది. నా చెంప మీద చెయ్యి పెట్టింది, చేతి మీద గట్టిగ గిల్లింది. ఇంకా ఎర్రగనే ఉన్నది ఆడ. సంజీవరావు చేతిలకెళ్ళి చెంబు తీస్కొని నీళ్ళన్ని గడగడ తాగింది. బస్ స్టాపు దిక్కు నడిచిపోయింది. నేను ఎనకకెళ్ళి పిలిచిన, తిరిగి జూడలే. చెట్టు కింద ఒక మూట ఇడిసిపోయింది. ఇప్పి జూస్తే కొత్త చీర, ఆకుపచ్చ అంచుది. ఆడబిడ్డ పోతే పుట్టింటోళ్ళు పెట్టే చీర. నువ్వు ఇంట్ల లేవని తనే కొనుక్కొని వచ్చింది.

ఇంటికి చేరిందో లేదో. ఎండల పోయింది. తొందరగ రాయి. నేను కావాలనే ఆ కార్డు పంపిన్నని అనుకున్నదేమో. ఆ మాట అనుకుంటే నేను బతికుండి ఏం ఫాయిదా.

అక్క దానమ్మ


బీబీనగర్
17-5-1967

అక్కకు శాంతయ్య రాసేది.

హన్నా ఇంటికి చేరింది. కాళ్ళు బొబ్బలెక్కినయ్, అంతే. నేను నిన్న వచ్చిన. వస్తుంటే ఊరి మొగదాల హనుమాండ్లు మామ ఎదురొచ్చి నా భుజం మీద చెయ్యేసి ఏడ్చిండు, ఆపరేషన్ అయిన కన్నుతోని. నీకోసం చర్చి గంట కొట్టిన్రు అక్కా. ఉపదేశి వచ్చి ప్రార్థన జేసి పోయిండట. నువ్వు బతికే ఉన్నవని ఉపదేశికి జెప్తే "మరి గంట కొట్టినం గదా" అంటడు. ఆ గంట ఎట్ల ఎనకకు తీస్కుంటరో ఆయనకే తెలువాలె.

కార్డు వచ్చినప్పుడు హన్నా ఒక్కతే ఉన్నది. మూలలు జూసి గడప బయట్నే చింపింది. ఎవరితోని సదివియ్యలే. నీ మే ఆరో తారీఖు కార్డు గూడ సదవకుండ గోడ మీది ఫోటో ఎనక అట్లనే ఉన్నది, నేను వచ్చినంక సదివిన. బర్రెను మన పాలోళ్ళకు అప్పజెప్పి పోయిందట.

నన్ను ఒక్కటే అడిగింది. "మీ అక్క నా మాటలు ఇన్నదా?" ఇన్నది అన్న. అప్పటి నుంచి మాట్లాడ్తలేదు. నీ మీద కోపమా, సిగ్గా, నాకు అర్థం కాలే. నువ్వు కావాలని జేసినవేమో అని నాకు గూడ ఒక ఘడియ అనిపించింది, కోపం జేయకు. పండుగకు తీస్కొని వస్తనన్న మాట ఇప్పుడు ఇయ్యలేను. గ్యాంగ్‌ల మనుషులు తక్కువున్నరు, నాకు సెలవు గూడ దొరుకుతలేదు.

తమ్ముడు శాంతయ్య


నాచారం
23-5-1967, మంగళవారం

తమ్ముడు శాంతయ్యకు అక్క దీవెనలు.

పండుగ అయింది. మళ్ళ అందరు వచ్చిన్రు. "ఒక్కసారి ఏడ్చి పోయినం, ఇంకోసారి నవ్వి పోతం" అని వచ్చిన్రు. పందిరి నిలబడ్డది, ఎవలు బోర్ల పడలే. కుర్చీల ఆటల కృష్ణమ్మ గెలిచింది. కోడలు కావాలనే కుర్చీ ఇడిసిపెట్టిందని నేనన్న, "శోకం పెట్టినంక ఇంకేం పెడ్తది" అన్నది కృష్ణమ్మ. ఖాదర్ బీ కొడుకు మంచుగడ్డ తెచ్చిండు, పెద్దది, గోనెసంచిల సుట్టి. షర్బత్ తాగుతుంటే సంజీవరావు సారు పక్కన ఖాదర్ బీ మనుమరాలు కూసొని ఆయన అక్షరాల తీరు నేర్చుకున్నది. ఇన్నేండ్లు ఇదే మనుషులు, ఇదే వరండా. ఆ దినం కొత్తగ కడిగినట్టు అయింది. నాకు జూస్తుంటే కండ్లు సాలలే.

ఆ ఆకుపచ్చ అంచు చీర కట్టుకున్న. కట్టుకోవద్దు, ఆ చీర దేనికి తెచ్చిందో అని రెండు రోజులు భయపడ్డ. "సచ్చినంక కట్టేదానికన్న ఇప్పుడు కట్టు, అద్దంల జూసుకోవచ్చు" అన్నది కృష్ణమ్మ. పొద్దటి నుంచి పొద్దుగూకేదాక గేటు కాడనే నిలబడ్డ. హన్నా రాలే.

ఇగ ఇది హన్నాకు సదివి ఇనిపియ్యి, తలుపు ఎనక గాదు, ముందట కూసోబెట్టి. సూది వద్దన్నది నేనే. ఊరు అన్నదో లేదో, నువ్వు ఊకున్నవో లేదో, ఆ ఇంట్ల పెద్దదాన్ని నేను, నా మాటనే నడిచింది. తట్టు పోస్తే సూది వద్దని మా అమ్మ అంటుండె, నేను అన్న. భయంతోని అన్న. నాకు అన్నిటికి భయమే, ఆ దినం గూడ భయమే. నీ మీద ఏసుకోవద్దు. నా భాగం నేను మోస్త. కార్డు మాత్రం కావాలని జేయలే, ఎర్రగ పండుతదనుకున్న.

అక్క దానమ్మ


బీబీనగర్
29-5-1967

అక్కకు శాంతయ్య నమస్కారాలు.

నువ్వన్నట్టే ముందట కూసోబెట్టి సదివిన. రెండుసార్లు సదివిచ్చుకున్నది. ఇగ ఆమె జెప్పేది రాస్తున్న, నా మాటలు గావు.

"వదినకు హన్నా రాయించేది. ఆదివారం నేను వచ్చిన. ఉప్పల్ దాక వచ్చిన. బస్సు దిగి ఆడ్నే గంటసేపు నిలబడ్డ, తిరిగి బస్సెక్కిన. మీ పండుగల నలుగురు జూస్తుండంగ మాట్లాడుకునే ముచ్చట గాదు మనది. గేటు కాడ అన్నది సచ్చిన వదినకు అన్న. బతికున్న వదినకు మళ్ళొకసారి అనాలె, మన ఇంట్ల అనాలె. నీ భాగం నువ్వే మోస్త అన్నవ్. ఆరేండ్ల సంది నువ్వు ఆడ మోసినవ్, నేను ఈడ మోసిన, ఇద్దరికి బరువు తగ్గలే. వాని దినం జూన్ తొమ్మిది. ఏటా నేను, మీ తమ్ముడు సమాధి కాడ కొవ్వొత్తి పెడ్తం. నువ్వు ఒక్కసారి గూడ జూడలేదు వాడు ఎక్కడున్నడో. ఈసారి నువ్వు పెట్టు. నేను నీతోని నడుస్త."

అక్కా, ఇది రాసేటప్పుడు నా చేతి రాత పాడైంది, సదువుకో.

తమ్ముడు శాంతయ్య


నాచారం
2-6-1967, శుక్రవారం

హన్నాకు, తమ్ముడు శాంతయ్యకు దానమ్మ రాసుకునేది.

కార్డు సిస్టరమ్మతోని సదివిచ్చుకున్న, మళ్ళ నేను సదువుకున్న, మళ్ళ కృష్ణమ్మకు సదివిన. ఆమె "పో" అన్నది, అంతే, ఎన్నడు లేంది ఒక్క ఎకసెక్కం ఆడలే. సిస్టరమ్మ సెలవు ఇచ్చింది. నన్ను బస్సు ఎక్కియ్యడానికి సంజీవరావు సారు ఉప్పల్ దాక వస్తనన్నడు.

ఆ రోజు వాన పడ్తదేమో, బస్సు ఆగుతదో లేదో, నా కాళ్ళు ఆ సమాధుల తోట దాక పోతయో పోవో, అన్ని భయాలున్నయ్ నాకు. హన్నా, వాని ముందట నిలబడి నాకు ఏమనాల్నో తెలువదు. నువ్వు పక్కన ఉంటనన్నవ్ గనుక వస్తున్న.

జూన్ తొమ్మిది, శుక్రవారం. పొద్దుగాల ఏడు గంటల భువనగిరి బస్సు. బీబీనగర్ రోడ్డు మీద దిగుత.

దానమ్మ